మిషన్ కొనే ముందు ఒక్కసారి ఆగు తల్లీ

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. ఉద్యోగం మానేసి ట్రైనింగ్ సెంటర్ బాధ్యత తీసుకుంటున్నావని వదిన ఫోన్ చేసి చెప్పింది. మన ఇంటి పిల్ల ఈ పనికి పూనుకుందని గర్వంగా ఉంది. ఫోన్ పెట్టేశాక మాత్రం టెన్షన్ మొదలైంది. నీ మీద నమ్మకం లేక కాదు. పద్దెనిమిదేళ్ల పిల్లలు తమ బతుకులో ఏడాదో రెండేళ్లో తెచ్చి నీ చేతిలో పెడతారు. అది వృథా అయితే వాళ్లకు తిరిగి ఇవ్వగలిగేవాళ్లు ఎవరూ ఉండరు.

నీకు తెలిసినవే అయినా చెబుతాను. హాజరు దొంగలెక్కలు రాయనివ్వకు. ఆడపిల్లల బాత్‌రూములు అడ్మిషన్లకు ముందే బాగుచేయించు, లేకపోతే వాళ్లు మధ్యలోనే మానేస్తారు. పనిముట్లు బీరువాలో పెట్టి తాళం వేయకు, పిల్లల చేతుల్లో అరిగితే అరగనీ.

ఇక అసలు సంగతి. సీఎన్‌సీ మిషన్‌కు, అదే కంప్యూటర్ సాయంతో లోహాన్ని కోసే మిషన్‌కు, కొటేషన్లు తెప్పిస్తున్నావట. నేను పాఠాలు చెప్పిన ఒక సెంటర్‌లో అచ్చం ఇలాగే జరిగింది. నిధులొచ్చాయి, ఖర్చు పెట్టే గడువు ముంచుకొచ్చింది, పైవాళ్లు పెద్ద మిషన్ తెప్పించి రిబ్బన్ కత్తిరించారు. దాన్ని నడపడం ఇన్‌స్ట్రక్టర్లకు ఎవరూ నేర్పలేదు. అరిగిపోయే కటింగ్ టూల్స్ కొనడానికి డబ్బు కేటాయించలేదు. పాడైతే ఎవరు జవాబు చెప్పాలన్న భయంతో చివరికి దానికి కవరు కప్పేశారు. పిల్లలు రికార్డు పుస్తకాల్లో దాని బొమ్మ నీట్‌గా గీశారు, మార్కులూ పడ్డాయి. అసలు ఫ్యాక్టరీలకు ఎలాంటి పనివాళ్లు కావాలో వెళ్లి అడిగినవాళ్లు లేరు.

ఆ బ్యాచ్‌ను ఇంటర్వ్యూకు నేనే వెంటబెట్టుకుని వెళ్లాను. సూపర్‌వైజర్ ఆ పెద్ద మిషన్ ఊసే ఎత్తలేదు. క్లాసులో ఫస్టొచ్చిన కుర్రాడి చేతికి ఒక షాఫ్ట్ ముక్క, సన్నని కొలతలు తీసే మైక్రోమీటర్ ఇచ్చి కొలవమన్నాడు. లీస్ట్ కౌంట్, అంటే అది చూపించగల అతి చిన్న కొలత, ఎంతంటే 0.01 మిల్లీమీటర్ అని వాడు ఠక్కున చెప్పాడు. దాని కదలని గొట్టం, అదే స్లీవ్ మీద 12 గీత దాటి అర మిల్లీమీటర్ గీత కూడా బయటపడి ఉంది, తిరిగే భాగం, అదే థింబుల్ మీద 28. అంటే 12, అర, 0.28 కలిపి 12.78. వాడు 12.28 అన్నాడు. ఆ అర గీత వాడి కంటికి ఆనలేదు. మళ్లీ చూడమంటే కంగారుపడి మళ్లీ అదే చెప్పాడు. అర మిల్లీమీటర్ తేడా వస్తే ఆ ముక్క తుక్కులోకే పోతుంది. సూపర్‌వైజర్ కసురుకోలేదు. "ఇంతకుముందు దీంతో ఎన్నిసార్లు కొలిచావు బాబూ?" అని అడిగాడు. వాడు తలదించుకున్నాడు. మైక్రోమీటర్లు స్టోర్ నుంచి బయటికొచ్చేది పరీక్ష రోజునే మరి. తెలివైన పిల్లాడు. వాడి తప్పు ఇసుమంత కూడా లేదు.

అందుకే ముందు కాళ్లరిగేలా ఫ్యాక్టరీలు, వర్క్‌షాపులు తిరుగు. మేనేజర్లతో మీటింగులు చాలవు. కొత్తవాళ్లకు పని అప్పగించే సూపర్‌వైజర్ దగ్గర నిలబడి, చేరిన మొదటి వారంలో పిల్లలు ఎక్కడ తడబడుతున్నారో అడుగు. సిలబస్ అక్కడి నుంచి రాసుకో. మిషన్ కొనాలో వద్దో అప్పుడు నీకే తెలుస్తుంది. కొన్నా సరే, ముందు నీ ఇన్‌స్ట్రక్టర్లను కొన్నాళ్లు ఫ్యాక్టరీకి పంపి పని చేయించు.

జర్మనీలో అప్రెంటిస్ వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో పనిచేస్తూ నేర్చుకుంటాడు, మిగతా ఒకటి రెండు రోజులు బడికి వెళ్తాడు. ఈ ఏర్పాటుకు 1969లో దేశమంతటికీ ఒకే చట్టం చేశారు. నాకు అన్నిటికన్నా నచ్చింది వాళ్ల పరీక్ష. యజమానులు, కార్మికులు, టీచర్లు కలిసి కూర్చునే బోర్డు దాన్ని పెడుతుంది. నువ్వూ చివరి ప్రాక్టికల్‌కు బయటివాళ్లను పిలువు. నేర్పినవాళ్లే మార్కులు వేసుకుంటే మా సెంటర్ కథే మళ్లీ జరుగుతుంది.

పిల్లల్ని అప్రెంటిస్‌లుగా పంపితే కాగితం మీద ఒప్పందం లేకుండా పంపకు. ఏం నేర్పుతారు, ఎవరు నేర్పుతారు, స్టైపెండ్ ఎంత, దెబ్బ తగిలితే ఎవరు చూసుకుంటారు, అన్నీ రాయించు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023లో అప్రెంటిస్‌షిప్‌ల మీద చేసిన సిఫారసు కూడా రాతపూర్వక ఒప్పందం ఉండాలనే చెబుతోంది. కాగితం లేనిచోట పిల్లలతో ఊడ్పించి, మూటలు మోయించి పంపేస్తారు.

వదిన చెప్పిన ఇంకో మాటకు నీ మీద నిజంగానే కోపమొచ్చింది. మూడు నెలలకో బ్యాచ్ తీసి ప్లేస్‌మెంట్ లెక్క చూపిస్తావా? ఎవరితో పోటీ నీకు? చేరిన రోజు సంఖ్యను లెక్కలోకి తీసుకోకు. ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి, ఇంకా అక్కడే ఉన్నారా, మానేస్తే ఎందుకు మానేశారు అని కనుక్కో. ఆ జవాబులు వినడం కష్టంగా ఉంటుంది, అయినా విను.

నా భయమంతా ఆ తొందర గురించే. లేత్ మిషన్‌లో ముక్కను పట్టి ఉంచే చక్‌లో దాన్ని బిగించే కీ వదిలేసి స్విచ్ వేస్తే ఆ కీ తూటాలా ఎగిరొస్తుంది. తిరిగే మిషన్ దగ్గర గ్లౌజులు వేసుకుంటే అవి చిక్కుకుని చెయ్యి లోపలికి లాగేస్తాయి. పోస్టర్లు అంటిస్తే ఈ జాగ్రత్తలు రావు. చక్ బిగించగానే చెయ్యి దానంతటదే కీని బయటికి తీసేదాకా రోజూ చేయించాలి, దానికి నెలలు పడతాయి. తల్లీ, ఒక్క పిల్లాడికి వేలు పోయినా నువ్వు నిద్రపోలేవు, నాకు తెలుసు. నీది అంత మెత్తని మనసు.

కోప్పడ్డానని బాధపడకు. సిలబస్ చిత్తుప్రతి రాయగానే ముందు నాకు పంపు. ఒంట్లో ఓపిక ఇంకా ఉంది. మొదటి బ్యాచ్‌కు కొలతల క్లాసు నేనే చెబుతాను. తలకొక మైక్రోమీటర్ మాత్రం సిద్ధంగా ఉంచు.

ప్రేమతో,
బాబాయి