అడిగితే తప్ప తెలియనిది ఒకటి దాచిపెట్టు

చిరంజీవి ప్రసన్నకు,

ఆశీస్సులు. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంటుగా చేరావని, ఎనిమిదీ తొమ్మిదీ నీకిచ్చారని, సెక్షనుకు యాభై మంది పైనే ఉన్నారని మీ నాన్న చెప్పాడు. పాఠం వింటారు, ప్రశ్నజవాబులు బట్టీపడతారు, నోరు మాత్రం విప్పరు, ఏం చేయించాలి అని అడిగావు కదా. తీరిగ్గా చదువుకో.

ముందు ఒక చిన్న లెక్క వేసుకో. పీరియడు 45 నిమిషాలు. హాజరు, సర్దుబాటు పోగా 40 మిగిలాయనుకో. 52 మందిని ఒక్కొక్కరినే లేపి మాట్లాడిస్తే, నువ్వు ఒక్క ముక్క మాట్లాడకుండా ఉన్నా సరే, తలా 46 సెకన్లు. అదే జంటలు కట్టించి 16 నిమిషాలు మాట్లాడించావంటే తలా ఎనిమిది నిమిషాలు వస్తాయి. అందులో సగం తప్పుల తడకే కావచ్చు. అయినా అదే నయం.

రెండో సంగతి, జంటలు కట్టించినంత మాత్రాన మాట్లాడరు. ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిని 'వాట్ ఈజ్ యువర్ నేమ్' అని అడుక్కోమంటే వాళ్ళకే నవ్వొస్తుంది. తెలిసిన సంగతి ఎవరడుగుతారు? ఒకరి దగ్గర ఉన్నది రెండోవారికి లేకపోతేనే అడగాల్సిన అవసరం పుడుతుంది. యాక్టివిటీ తయారు చేసేటప్పుడు ఎవరికి ఏం దాచాలి అన్నదే మొదట తేల్చుకో. మిగతాదంతా హంగు.

దీనికి బస్సు టైములంత మంచి సరుకు లేదు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీష్ బోధనా నిపుణుడు ఎన్.ఎస్. ప్రభు దక్షిణాది బడుల్లో, పనులు చేయిస్తూ ఇంగ్లీష్ నేర్పే బెంగళూరు ప్రాజెక్టు నడిపినప్పుడు రైలు టైంటేబుళ్ళు, మ్యాపులు ముందుపెట్టి పిల్లల చేత లెక్కలు తేల్పించాడు. వ్యాకరణం చెప్పడం కాకుండా, పని తేల్చుకునే క్రమంలో భాష పట్టుబడుతుందన్నది ఆయన వాదం. ఒకరి దగ్గరున్న సమాచారం రెండోవారికి చేరవేసి ఊరుకోవడం కన్నా, దాన్నిబట్టి ఆలోచించి ఒక తీర్మానానికి రావడమే మేలని ఆయన అన్నాడు. అందులో పూర్తి న్యాయం ఉంది. చేరవేత ఒక్కటే అయితే మూడు నిమిషాల్లో అయిపోతుంది, తర్వాత అల్లరి మొదలు.

కార్డులు ఇలా చెయ్యి. ఊళ్ళోంచి జిల్లా కేంద్రానికి నాలుగు బస్సులు. జంటలో ఒకరికి 'ఏ' (A) కార్డు, రెండోవారికి 'బీ' (B) కార్డు. 'ఏ' కార్డులో బయల్దేరే వేళలు: మొదటిది 6.15, రెండోది 7.30, మూడోది 7.00, నాలుగోది 8.40. బీ కార్డులో చేరే వేళలు, ఛార్జీలు: మొదటిది 8.45, 90 రూపాయలు. రెండోది ఎక్స్‌ప్రెస్, 9.20, 110, మూడోది 9.30, 90, నాలుగోది ఎక్స్‌ప్రెస్, 10.30, 110. అడుగున సీతయ్య కథ పెట్టు. 'ఏ' కార్డులో, సీతయ్య మామగారిని పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి, ఓపీ చీటీలు పదింటికి ఆపేస్తారు, బస్టాండు నుంచి నడక పావుగంట, చేతిలో పోయేటప్పటి ఖర్చుకు 200 ఉన్నాయి. బీ కార్డులో, సీతయ్య ఆరున్నరకు పాలకేంద్రంలో పాలు పోయాలి. ఏ బస్సు ఎక్కాలి? మొదటి బస్సు దొరకదు, పాలున్నాయి. ఎక్స్‌ప్రెస్‌లో ఇద్దరికి 220, డబ్బు చాలదు. కాబట్టి ఏడింటి బస్సే. ఏ ఒక్క కార్డుతోనూ ఈ జవాబు రాదు చూడు, అదీ కిటుకు. వేళలు మీ ఊరి బస్టాండు బోర్డు చూసి మార్చుకుంటే పిల్లలకు ఇంకా రుచిస్తుంది. మార్చాక మాత్రం నువ్వొకసారి లెక్క కట్టి చూసుకో. రెండు జవాబులు వచ్చేలా ఉంటే క్లాసులో తగవే.

కూర్చోబెట్టడం ఎలాగంటే, బెంచీకి నలుగురు చొప్పున 13 బెంచీలు అనుకుందాం. ఒకటి, మూడు, ఐదు, ఇలా బేసి బెంచీల వాళ్ళను వెనక్కి తిరగమను. తిరిగినవాళ్ళకు 'ఏ' కార్డు, ఎదుటివాళ్ళకు బీ కార్డు. మధ్యలో స్కూలు బ్యాగు అడ్డం. పదమూడో బెంచీ తనలో తానే రెండుగా విడిపోతుంది. పక్కపక్కనే కూర్చోబెట్టి చెరో కార్డు ఇచ్చావో, రెండు నిమిషాల్లో కార్డులు మార్చుకుని చూసుకుంటారు. వాళ్ళ తప్పు కాదది. చూస్తే దొరికేదాన్ని నోటితో అడిగే ఓపిక పెద్దవాళ్ళకే ఉండదు.

కార్డులు ఇవ్వకముందే మూడు నిమిషాలు ప్రశ్న పలికించు. 'వాట్ టైమ్ డజ్ ది ఫస్ట్ బస్ లీవ్?', 'వెన్ డజ్ ఇట్ అరైవ్?', 'హౌ మచ్ ఈజ్ ది టికెట్?' ఈ మూడూ బోర్డు మీద ఉండిపోవాలి. లేదంటే 'ఫస్ట్ బస్ వెన్ లీవ్స్?' అనే వినిపిస్తుంది. తెలుగులో 'బస్సు ఎప్పుడు వెళ్తుంది' అంటే సరిపోతుంది, మాటల వరస కదలదు, 'డజ్' లాంటి అదనపు క్రియ అక్కర్లేదు. అందుకే అది వాళ్ళకు దండగ మాటలా తోస్తుంది. వాక్యం పొడుగనిపిస్తే చివర్నుంచి కట్టుకురా: 'లీవ్', 'ది ఫస్ట్ బస్ లీవ్', 'డజ్ ది ఫస్ట్ బస్ లీవ్', ఆ పైన మొత్తం. ముందునుంచి చెప్పిస్తే తోక ఎప్పుడూ గొంతులోనే ఆగిపోతుంది.

తప్పకుండా తగిలే ఇంకో గొయ్యి: 6.15 ఒకడు చెబితే రెండోవాడు 6.50 రాసుకుంటాడు. ఫిఫ్టీన్, ఫిఫ్టీ రెండూ మనవాళ్ళ నోట ఒకేలా పలుకుతాయి. ఫిఫ్టీన్‌లో ఊనిక చివర, ఫిఫ్టీలో మొదట. డెస్కు మీద చరుస్తూ చెప్పించు, చెవికి పట్టేస్తుంది. ఆ వేళలో 15 ఉన్నది అందుకే, తీసెయ్యకు.

బస్సు ఏదని వాదించుకునేటప్పుడు తెలుగు దొర్లుతుంది. దొర్లనీ. ప్రశ్న, జవాబు ఇంగ్లీషులో ఉంటే చాలు. తెలుగు మాట్లాడితే రూపాయి జరిమానా అనే పద్ధతి నీ క్లాసులోకి రానివ్వకు, అది పిల్లల చేత ఇంగ్లీష్ మాట్లాడించదు, నోరు మూయిస్తుంది అంతే.

ఇక పరుగు డిక్టేషన్. ఎనిమిదో తరగతికి మొదటిసారి ఇదే పెట్టు, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు, బెరుకు తీరుతుంది. ఐదు చిన్న వాక్యాలు, ఒక్కొక్కటి పదీ పదకొండు మాటలు దాటకుండా, చార్టు మీద స్కెచ్ పెన్నుతో రాసి ఏడు కాపీలు వరండా గోడకు పిల్లల కళ్ళ ఎత్తున అంటించు. రెండు బెంచీలకు ఒక కాపీ. ప్రతి బెంచీ నుంచి ఒకరు వెళ్ళి ఒక వాక్యం చదివి, గుర్తుపెట్టుకుని, వచ్చి చెప్పాలి, మిగతావాళ్ళు రాయాలి. వాక్యానికొకసారి మనిషి మారాలి. పదిహేను నిమిషాలు పడుతుంది. ఇలాంటిది రాయి:

'ఏ మంకీ జంప్ట్ ఇన్‌టు అవర్ స్కూల్ ఎస్టర్డే. ఇట్ వాక్ట్ ఎలాంగ్ ది వాల్ అండ్ లుక్ట్ ఎట్ ది కిచెన్. ది కుక్ డ్రాప్ట్ హర్ లాడిల్ అండ్ షౌటెడ్. ది మంకీ పిక్ట్ అప్ యాన్ ఎగ్ అండ్ క్లైమ్డ్ ది నీమ్ ట్రీ. వీ లాఫ్ట్ అంటిల్ ది బెల్ ర్యాంగ్.'

ఇందులో చివర 'ఈ', 'డీ' (ed) అక్షరాలు చేరే భూతకాల క్రియలు ఎనిమిది ఉన్నాయి. పిల్లల కాగితాలు చూడు, 'షౌటెడ్' చాలామంది సరిగ్గా రాస్తారు, జంప్ట్, వాక్ట్, లుక్ట్ మాత్రం తోక తెగి జంప్, వాక్, లుక్ అయిపోతాయి. మనది అజంత భాష. మాట అచ్చుతో ముగియడం చెవికి అలవాటు. 'షౌటెడ్'లో చివర ఇంకో అచ్చు పలుకుతుంది కాబట్టి వినబడింది. 'జంప్ట్' చివర హల్లు మీద హల్లు పడి చెవి దాకా రాలేదు. వ్యాకరణం రాక కాదు ఆ తప్పు. కాబట్టి కాలాల పట్టిక మళ్ళీ చెప్పకు. కాగితాలు బెంచీల మధ్య మార్పించి, ఆ ఎనిమిది క్రియల్లో ఎన్నిటికి తోక మిగిలిందో లెక్కపెట్టమను, తర్వాత ఆ ఎనిమిదీ పలికించు. 'ఏ', 'యాన్', 'ది' ఎన్ని రాలిపోయాయో అప్పుడే తేలుతుంది. తెలుగులో వాటిలా తప్పనిసరిగా పెట్టాల్సిన మాటే లేదు, అవి రాలడం సహజం, ఒక్క రోజులో నిలబడవు.

దీంట్లో చెడేవి మూడు. అరచేతి మీద రాసుకొస్తారు, చేతులు వెనక్కి కట్టుకుని వెళ్ళమను. గుమ్మం దగ్గర్నుంచే అరుస్తారు, బెంచీ దగ్గరకొచ్చి చెప్పిందే లెక్క అను. మరీ ఇరుకు గది అయితే పరుగు మానిపించి నడకే పెట్టు, పడితే పళ్ళు పోతాయి. మాట రాకపోతే అక్షరం అక్షరం చెప్పుకుంటారు, అది తప్పనుకోకు, అదీ ఇంగ్లీషే.

తొమ్మిదో తరగతికొచ్చినా అక్షరాలు కూడబలుక్కునేవాళ్ళు సెక్షనుకు కొందరు ఉంటారు. వాళ్ళను గోడ దగ్గరకు మొదటే పంపితే అందరి ముందూ పరువు పోతుంది, ఇక ఏడాదంతా నోరు తెరవరు. నాలుగో వాక్యానికి పంపు, అప్పటికి పదాలు సగం చెవిన పడి ఉంటాయి. వాళ్ళకు సరైనది బొమ్మ చెప్పి గీయించడం. ఒకరి దగ్గర బొమ్మ, రెండోవాడి దగ్గర తెల్ల కాగితం. 'డ్రా ఏ హట్. డ్రా ఏ వెల్ బిహైండ్ ది హట్.' ఏడెనిమిది వస్తువులు దాటనివ్వకు. చదువురాని పిల్లాడు బొమ్మ చేతిలో ఉంటే దర్జాగా చెబుతాడు.

గడికొక మాట ఏరి వాక్యం కట్టే వాక్యాల పట్టికను ఈ రోజుల్లో పాత చింతకాయ పచ్చడి అంటున్నారు. పాతదే, కానీ అన్నంలోకి అక్కరకొస్తుంది. నాలుగు గళ్ళు బోర్డు మీద గీసి, ఐదు నిమిషాల్లో పాతిక వాక్యాలు పలికించి, తుడిచేసి, అప్పుడు కార్డులు ఇవ్వు. గంటసేపు అదే పట్టుకుంటేనే విసుగు.

తప్పులు దిద్దడం గురించి. వాళ్ళు మాట్లాడుతుండగా మధ్యలో దూరకు. చిన్న నోటుబుక్కు పట్టుకుని బెంచీల మధ్య తిరుగు, విన్న తప్పుల్లో ఓ ఆరు రాసుకో. చివరి ఐదు నిమిషాల్లో పేర్లు లేకుండా బోర్డెక్కించు. 'ఐ యామ్ హావింగ్ టూ బ్రదర్స్', 'హీ డిడ్ నాట్ వెంట్' వస్తూనే ఉంటాయి. దిద్దేది వాళ్ళే, నువ్వు కాదు. 'డిడ్'లోనే భూతకాలం వచ్చేసింది, ఇంకోసారి ఎందుకు అని అడిగితే ఎవరో ఒకరు పట్టుకుంటారు.

ఆడపిల్లల్ని మగపిల్లలతో మొదటి నెలలోనే జంట కట్టకు, ఇద్దరూ బెంచీ వంక చూస్తూ కూర్చుంటారు. గోల సంగతి, పక్క గది లెక్కల మాస్టారికి ముందురోజే చెప్పిపెట్టు, లేదా ఆయన క్లాసు ఆటలకు పోయే పీరియడు చూసుకుని పెట్టుకో. చప్పట్లు రెండు కొడితే అందరూ ఆపాలి అన్నది కార్డులు ఇవ్వకముందే రెండుసార్లు సాధన చేయించు. వారానికి రెండు పీరియడ్లు చాలు, మిగతావి పాఠానికి కావాలి. ఒక్కో పీరియడులో ఒక్కటే యాక్టివిటీ. రెండు మొదలుపెడితే రెండూ సగంలో గంట కొడతారు.

కార్డుల విషయం. ఏ4 కాగితానికి నాలుగు పడతాయి, 13 కాగితాలు జిరాక్స్ తీయిస్తే 52 మందికీ సరి. ఇంట్లో పాత శుభలేఖలు ఉంటే వాటి వెనక అంటించు, ఏడాది నలగకుండా ఉంటాయి. 'ఏ' కార్డులన్నీ ఒక రంగు, బీ కార్డులన్నీ ఇంకో రంగు స్కెచ్‌తో గీత గీసిపెట్టుకో, పంచేటప్పుడు తికమక ఉండదు. గంట కొట్టకముందే తిరిగి తీసుకుని లెక్కపెట్టు. ఒకటి తగ్గిందంటే సాయంత్రానికి తొమ్మిదో తరగతి రెండో సెక్షనుకు జవాబు చేరిపోయి ఉంటుంది.

ఆశీస్సులతో,
పెదనాన్న