అల్లుడా, అడ్రస్ కన్నా ముందు మోడ్ చూడు

అల్లుడా, ఈసారి బతుకమ్మ స్టేజీకి లైట్ల పని నీకే అప్పజెప్పిన్రని మీ అమ్మ ఫోన్ల చెప్పింది, మస్తు సంతోషమైంది. లైట్లు నడిపే కన్సోల్ మీది ఫేడర్లు (పైకి కిందికి జరిపే మీటలు) ఆడించుడు తర్వాత, ముందుగాల ప్యాచింగ్, అంటే ఏ లైట్ కన్సోల్‌ల ఏ ఛానెల్ నంబర్లకు పలకాల్నో కలుపుడు, పక్కాగ నేర్చుకో.

ఎల్ఈడీ పార్ (స్టేజీ మీద రంగులేసే లైట్) చేతికి రాంగనే అందరు అడ్రస్, అంటే దాని మొదటి ఛానెల్ నంబర్, పెడ్తరు, నువ్వట్ల జెయ్యకు, వెనక డిస్‌ప్లేల మెనూ నొక్కి అది ఎన్ని ఛానెళ్ల మోడ్‌ల ఉన్నదో చూడు, ఒక్కో ఛానెల్ లైట్‌ల ఒక్కో పని నడుపుతది. ఒకటే పార్ నాలుగు ఛానెళ్లల నడుస్తది, ఎనిమిదిల గూడ నడుస్తది. నాలుగుల అయితే రెడ్, గ్రీన్, బ్లూ, వైట్ అంతే, డిమ్మర్ (మొత్తం వెలుగు పెంచి తగ్గించేది) వేరే ఉండదు. ఎనిమిదిల చానా వాటికి మొదలు డిమ్మర్, తర్వాత రంగులు, ఆ తర్వాత స్ట్రోబ్ (టపటప మెరిపించేది), మాక్రో (లైట్‌లనే తయారుగున్న రంగుల ఆటలు) ఉంటయ్, కంపెనీని బట్టి వరుస మారుతది గనుక డబ్బాలకెళ్లి వచ్చిన కాయితం పారెయ్యకు. కన్సోల్‌ల ఎనిమిది ఛానెళ్లది ఎంచుకొని లైట్‌ని నాలుగు మోడ్‌ల వదిలేసినవనుకో, డిమ్మర్ లేపితే రెడ్ వస్తది, రెడ్ లేపితే గ్రీన్ వస్తది. లైట్ ఖరాబైందని అద్దెకిచ్చినోళ్లకు ఫోన్ గొట్టి లొల్లి వెట్టేటోళ్లను మస్తుమందిని చూసిన, లైట్‌కు ఏం గాలే, మోడ్ ఒక్కటే తేడా. ఇంకో తీరు గూడ అయితది, మొదటి పార్ మంచిగనే ఉంటది, రెండోదాంట్ల రంగులు ఒక ఛానెల్ జరుగుతయ్, మూడోదాంట్ల రెండు జరుగుతయ్, అట్లైతే కన్సోల్ ఏడు లెక్కన పోతున్నది, నువ్వు లైట్లకు ఎనిమిది లెక్కన ఇచ్చినవన్నట్టు.

మోడ్ అన్నిటికి ఒక్కటి జేసినంకనే అడ్రస్. ఎనిమిది ఛానెళ్లకు 1, 9, 17, 25 అట్ల పో, పన్నెండో పార్ 89కి వస్తది, 96తోని అయిపోతది. షార్పీలు (సన్నటి వెలుగు గీత ఇడిసే తిరిగే లైట్లు) మాత్రం 97కు అంటుకొని పెట్టకు, 201 నుంచి మొదలువెట్టు, ఎందుకంటే పొద్దుగూకినంక ఎవలో ఒకలు ఇంకో నాలుగు పార్లు దెస్తరు, వాటికి జాగ ఉండాలె. ఒక్క యూనివర్స్‌ల (ఒక్క లైన్ మోసే ఛానెళ్ల గుంపుల) 512 ఛానెళ్లు ఉన్నయ్ గదా, పీనాసితనం ఎందుకు. 192 ఛానెళ్ల చిన్న డెస్క్ ఇస్తే లెక్క వేరే, అది లైట్‌కు 16 చొప్పున పన్నెండు లైట్లకే విడగొట్టి ఉంటది, లైట్‌కు ఎనిమిదే ఛానెళ్లున్నా 1, 17, 33 అనే పెట్టాలె. ట్రస్ (లైట్లు తగిలించే చట్రం) పైకి ఎక్కించకముందే ఒక్కోటి కిందనే వెలిగించి చూసి, తెల్ల టేపు మీద మోడ్, అడ్రస్ రెండూ రాసి అంటువెట్టు.

లైట్లకు సిగ్నల్ తీస్కపోయే కేబుల్ మైకులది వాడకు, లైన్ చివరి లైట్‌కు టర్మినేటర్ పెట్టు, 2, 3 పిన్నుల నడుమ 120 ఓమ్‌ల రెసిస్టర్, గంతే. లైట్లు ఊరికెనే వణుకుతున్నయంటే మొదలు గదే చూడు. ఒక్క లైన్ మీద 32 లైట్లు దాటితే స్ప్లిటర్ (సిగ్నల్‌ను వేరే వేరే లైన్లకు పంచే డబ్బా) అడుగు.

ఇగ రంగుల సంగతి. రెడ్, గ్రీన్, బ్లూ మూడే కలిపి తెలుపు జేస్తే ఆడిబిడ్డల మొకాలు పాలిపోయి కనవడ్తయ్, గునుగుపువ్వు మీద నీలి ఛాయ వడ్తది. అందుకే మొకాల మీదికి వైట్ చిప్ ఉన్న పార్లే ముందట పెట్టుమను, రెడ్, గ్రీన్, బ్లూ మూడే ఉన్నయి వెనక తెర మీదికి వేసుకో. తంగేడు పసుపు కావాల్నంటే రెడ్ ఫుల్, గ్రీన్ సగం నుంచి మెల్లగ పెంచుకుంట పో, బతుకమ్మను స్టేజీ మీద పెట్టి దాన్ని చూసుకుంటనే ఆపు, కన్సోల్ తెర మీది రంగును నమ్మకు. ఆ రంగును పాలెట్‌ల (కన్సోల్‌ల రంగులు దాసుకునే జాగల) దాసి, షో ఫైల్ పెన్‌డ్రైవ్‌ల గూడ వేసుకో.