పెద్దవాళ్ళ గ్రూపులో బూతులు వదిలేయాలా, ఆపాలా?

అడిగింది ఇదీ: టెలిగ్రామ్‌లో రెండు వేల మంది ఉన్న తెలుగు గ్రూపు. సినిమాలు, క్రికెట్, రాజకీయాలు నడుస్తాయి. అందరూ 18 దాటినవాళ్ళే. బూతులు పూర్తిగా ఆపాలని కొందరు, పెద్దవాళ్ళమే కదా వదిలేయమని కొందరు. ఏ నియమం పెట్టాలి, ఎలా అమలు చేయాలి?

తెలుగు గ్రూపులు నడిపిన అనుభవంతో చెప్తున్నాను. బూతును వదిలేయొచ్చు, తిట్టును వదలకూడదు. రెండూ ఒకటే అనుకుని నియమం రాస్తే మొదటి నెలలోనే బెడిసికొడుతుంది.

"నీయబ్బ, ఏం కొట్టాడ్రా సిక్సు" అన్నవాడు ఎవర్నీ తిట్టలేదు. "మీరు చదువుకున్నా ఇంతేనండీ, పెంపకం అలాంటిది" అన్నాయన ఒక్క బూతు లేకుండా ఎదుటివాడి తల్లిదండ్రుల దాకా వెళ్ళాడు. పదాల జాబితా పట్టుకుని కూర్చున్న గ్రూపులో మొదటివాడు బయటికి పోతాడు, రెండో ఆయన అడ్మిన్ అవుతాడు. అందుకే నియమంలో పదం గురించి కాదు, అది ఎవరి మీద పడుతోందన్నదాని గురించి రాయండి.

మూడు గీతలు గీసుకుంటే సరిపోతుంది. ఆశ్చర్యానికో, చిరాకుకో, ఏ మనిషినీ ఉద్దేశించకుండా వచ్చే మాట: వదిలేయండి. గ్రూపులో ఉన్న మనిషినో, వాళ్ళ ఇంటివాళ్ళనో ఉద్దేశించిన మాట: బూతు ఉన్నా లేకున్నా తీసేయండి, హెచ్చరించండి. కులం, మతం, ఆడవాళ్ళ నడవడి, వైకల్యం, హిజ్రాలు, వీటిని పట్టుకుని కించపరిచే మాట: హెచ్చరిక మెట్టు లేకుండా నేరుగా బయటికి. మూడో దానికి "సరదాకి అన్నాను" అన్న సాకు పనిచేయదని నియమంలోనే రాసిపెట్టండి. మినహాయింపు ఒక్కటే. కొన్ని కులాల పేర్లు మామూలు మాటల్లో కలిసిపోయాయి. "సినిమా చండాలంగా ఉంది" అని రాసినవాడికి అది ఒక కులాన్ని హీనపరిచే మాట అన్న ఆలోచనే ఉండకపోవచ్చు. అలాంటివాడికి మొదటిసారి విడిగా మెసేజ్ పెట్టి చెప్పండి. చెప్పాక కూడా అదే రాస్తే సంగతి వేరు.

బయటివాళ్ళ మీద, అంటే హీరోలు, క్రికెటర్లు, నాయకుల మీద బూతులు వస్తే ఏం చేయాలన్నదే అన్నిటికన్నా చిక్కు. పూర్తిగా ఆపితే గ్రూపు చప్పబడుతుంది. వదిలేస్తే పది నిమిషాల్లో ఆ హీరో అభిమాని తగులుకుంటాడు, అక్కణ్ణుంచి తిట్టు మనిషి మీదికి మళ్ళుతుంది. పని గురించి ఎంతైనా అనొచ్చు, వాళ్ళ తల్లి, భార్య, పిల్లలు, కులం జోలికి పోకూడదు అన్న గీత దగ్గర నిలబడటం నయం. పూర్తి న్యాయం కాదు గానీ అమలు చేయడానికి వీలైన గీత అది.

ప్రాంతాల తేడా కూడా లెక్కలోకి తీసుకోండి. తెలంగాణలో "నీ యవ్వ" ఊతపదంలా వస్తుంది. గోదావరి వైపు "ఎదవ" అని ముద్దుగా కూడా అంటారు. హైదరాబాదులో "హౌలే" అంటే స్నేహితుల మధ్య ఎవరూ పట్టించుకోరు. ఇవే మాటలు మరో జిల్లావాడికి చెంపదెబ్బలా తగులుతాయి. "నువ్వు" సంగతీ అంతే. చాలాచోట్ల అది మర్యాద తక్కువ కాదు, "అండీ" లేకుండా మాట వినని ఇంట్లో పుట్టినవాడికి మాత్రం అవమానం. కాబట్టి అడ్మిన్లు ముగ్గురుంటే ముగ్గురూ ఒకే జిల్లావాళ్ళు కాకుండా చూసుకోండి. ఇంగ్లిష్, హిందీ బూతులకు వేరే నియమం వద్దు. అవి చాలామందికి తేలిగ్గా అనిపిస్తాయి, ఎందుకంటే ఇంట్లో ఎవరూ అనగా వినలేదు. మనిషి మీద పడితే ఏ భాషైనా తీసేయాల్సిందే.

ఇక గొడవ ముదరకముందే పసిగట్టడం ఎలా? తెలుగులో ఒక సౌలభ్యం ఉంది: గొడవ సంబోధనలో ముందు కనబడుతుంది. అంతసేపూ "మీరు" అన్నవాడు "నువ్వు"లోకి దిగాడంటే అది మొదటి మెట్టు. "ఏరా", "ఒరేయ్" రెండోది. మూడోదానికి ఇంటి ఆడవాళ్ళు వచ్చేస్తారు. రెండో మెట్టు దగ్గర అడ్డుపడితే ఒక్క వాక్యంతో ఆగుతుంది, మూడో దానికి వెళ్ళాక ఎవర్నో ఒకర్ని పంపించాల్సిందే. మొదటినుంచీ "ఒరే" అనుకునే స్నేహితులుంటారు, వాళ్ళ మధ్య ప్రమాద సూచన తిరగబడుతుంది: "ఒరే" అనేవాడు ఉన్నట్టుండి "మీరు", "గారు" అన్నాడంటే అక్కడ చూడండి.

బూతు మాటల్ని తనంతట తానే పట్టుకునే ఫిల్టర్ పెట్టొచ్చా? పెట్టొచ్చు, కానీ మెసేజ్ తీసేయడానికి కాదు, అడ్మిన్లకు కబురు చేయడానికి మాత్రమే. తెలుగులో ఫిల్టర్లు ఎందుకు తప్పుతాయో తెలిస్తే ఈ మాట ఎందుకంటున్నానో అర్థమవుతుంది.

కంప్యూటర్‌కు తెలుగు అక్షరం మనకు కనబడినట్టు కనబడదు. గుణింతం, ఒత్తు విడివిడి సంకేతాలు. "ముండ" అన్న మాటను ఫిల్టర్‌లో పెడితే "ముండ్లు" అన్న మాట మొదట్లో సరిగ్గా అవే సంకేతాలు ఉంటాయి. పొలం గట్టున ముండ్ల కంప గురించి రాసినవాడూ, బిర్సా ముండా జయంతికి పోస్టు పెట్టినవాడూ పట్టుబడతారు. "గుద్ద" పెడితే "లారీ గుద్దింది", "తలుపుకు గుద్దుకున్నాడు" అన్నవన్నీ పోతాయి. ఇంగ్లిష్ లిపిలో తెలుగు రాసేవాళ్ళతో ఇంకో గోల. ద, డ రెండిటికీ ఒకే అక్షరం వాడతారు కాబట్టి బట్టల గుడ్డ బూతైపోతుంది. 'దె'తో మొదలయ్యే, అందరూ వాడే ఆ బూతు క్రియను ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టారా, వానాకాలంలో డెంగీ జ్వరం గురించి ఒక్కరూ మాట్లాడలేరు. ఇది మన భాషకే పట్టిన పీడ కాదు. ఇంగ్లండులో స్కన్‌థార్ప్ అన్న ఊరి పేరులో ఒక బూతు మాట ఇమిడి ఉండటం వల్ల, 1996లో ఆ ఊరివాళ్ళను ఏఓఎల్ అనే ఇంటర్నెట్ సంస్థ ఖాతా తెరవనివ్వలేదు.

పూర్తి పదం సరిపోలితేనే పట్టుకోమంటే సరిపోదా అంటారు. అక్కడే రెండో తప్పు. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మాటల్ని వెతకడానికి వాడే రెజెక్స్‌లో పదం హద్దుకు వాడే బ్యాక్‌స్లాష్-బీ గుర్తు, గుణింతాలనూ పొల్లు గుర్తునూ పదంలో భాగంగా లెక్కపెట్టదు. "ముండ్లు"లో "ముండ" తర్వాతే పదం అయిపోయిందనుకుంటుంది, పట్టుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ గుర్తు ఇంగ్లిష్ అక్షరాలకే పనిచేస్తుంది, విడిగా రాసిన తెలుగు మాటను అసలు పట్టుకోదు. బాట్ (గ్రూపులో తనంతట తాను పనిచేసే ప్రోగ్రామ్) పనిచేస్తోందనుకుని నిశ్చింతగా ఉంటారు, అది ఏమీ చేయదు. దిద్దుబాటు సులువే: ఆ గుర్తు మానేసి, మాటకు ముందూ వెనకా యూనికోడ్‌లో (కంప్యూటర్లు అక్షరాలకు వాడే సంకేతాల పట్టికలో) తెలుగుకు కేటాయించిన బ్లాకులోని ఏ సంకేతమూ ఉండకూడదని షరతు రాయండి. ఆ బ్లాకులో మొత్తం 128 స్థానాలు. అప్పుడు ముండ్లు బయటపడతాయి. కానీ విభక్తి తగిలిన "కి", "వి", "ల్లారా" రూపాలు కూడా జారిపోతాయి కాబట్టి, ఒక్కో మాటకు వాడుకలో ఉన్న ఎనిమిది పది రూపాలను చేత్తో రాసిపెట్టాలి. "బిర్సా ముండా" లాంటివి మినహాయింపుల జాబితాలో పెట్టాలి. 15 నుంచి 20 మాటలతో మొదలుపెట్టండి, అంతకుమించి అవసరం పడదు.

పోల్చే ముందు మెసేజ్‌లోంచి కనబడని సున్నా వెడల్పు సంకేతాలనూ, అక్షరాల మధ్య చుక్కలనూ తీసేయండి. ఖాళీలను మాత్రం తీయకండి. పక్కపక్క మాటలు అతుక్కుని కొత్త బూతులు పుడతాయి. తెలుగును పోలిన కన్నడ అక్షరం ఒకటి మధ్యలో పెట్టి తప్పించుకునేవాళ్ళుంటారు, ఇంత శ్రమపడ్డవాడికి ఉద్దేశం లేదనుకోనక్కర్లేదు. నక్షత్రాలు పెట్టి రాసినా మనిషి మీద పడితే రాసినట్టే లెక్క.

టెలిగ్రామ్‌లో ఇలాంటి పదాల జాబితా కావాలంటే బాట్ పెట్టుకోవాలి. దాన్ని అడ్మిన్ చేయకపోతే మామూలు అమరికలో అది అన్ని మెసేజ్‌లూ చదవలేదు. మామూలుగా మూడుచోట్ల తప్పు జరుగుతుంది. ఫొటో కింద రాసిన వ్యాఖ్య, మెసేజ్ పాఠం వేర్వేరు గడుల్లో వస్తాయి, బాట్ రెండూ చూడాలి. మర్యాదగా రాసి తర్వాత ఎడిట్ చేసి బూతు పెట్టేవాళ్ళుంటారు, ఎడిట్లు వేరే కబురుగా వస్తాయి, అదీ చూడాలి. మూడోది నోరు మూయించే గడువు. 24 గంటలని 86,400 సెకన్లు ఇస్తే, టెలిగ్రామ్ గడువు తేదీని 1970 మొదటినుంచి సెకన్లలో లెక్కపెడుతుంది కాబట్టి దాన్ని 1970 నాటి తేదీగా చదువుతుంది. గడువు ఇప్పటినుంచి 30 సెకన్లకన్నా తక్కువైనా, 366 రోజులకన్నా ఎక్కువైనా అది శాశ్వతమే. ఒకరోజు శిక్ష వేశామనుకుంటారు, అతను ఎప్పటికీ మాట్లాడలేడు. ఇప్పటి సమయానికి ఆ సెకన్లు కలిపి ఇవ్వండి.

స్టిక్కర్లు, వాయిస్ మెసేజ్‌లు ఫిల్టర్‌కు చిక్కవు. వాటిని విడిగా ఆపే మీటలు గ్రూపు అనుమతుల్లో ఉన్నాయి. పెద్ద సినిమా విడుదలయ్యే రోజూ, ఐపీఎల్ చివరి ఓవర్లప్పుడూ స్టిక్కర్లు ఆపి స్లో మోడ్ పెట్టండి. ఒక మెసేజ్ పెట్టినవాడు ఇంకోటి పెట్టడానికి ఆగాల్సిన గడువు అది. గంట దాకా పెట్టొచ్చు, వేడిగా ఉన్నప్పుడు ఐదు నిమిషాలు చాలు. తిట్టడానికి ఐదు నిమిషాలు ఆగాల్సి వస్తే సగం మందికి ఓపిక ఉండదు. ఇది ఏ ఫిల్టర్‌కన్నా ఎక్కువ పనిచేస్తుంది. డిస్కార్డ్‌కు మారితే ఆటోమాడ్ అనే ఫిల్టర్ అందులోనే ఉంది, మినహాయింపుల జాబితా కూడా ఉంది. టైమ్ అవుట్, అంటే నోరు మూయించే శిక్ష, 28 రోజుల దాకా పెట్టొచ్చు. వాట్సాప్‌లో ఫిల్టర్ లేదు, అడ్మిన్ మెసేజ్ తీసేయడం తప్ప దారిలేదు, ఎవరు తీశారో అందరికీ కనబడుతుంది కూడా.

శిక్షల మెట్లు ఇలా: మొదటిసారి మెసేజ్ తీసివేత, విడిగా ఒక వాక్యం. రెండోసారి 24 గంటలు. మూడోసారి వారం. తర్వాత బయటికి. మూడు నెలలు మళ్ళీ జరక్కపోతే లెక్క మొదటికి. గ్రూపులో అందరి ముందూ మందలించకండి. పరువు కోసం తిరిగి వాదిస్తాడు, తీసేసిన బూతు కన్నా ఆ వాదన ఎక్కువ చెరుపు చేస్తుంది.

చట్టం గురించి కొంచెం. బూతు మాట రాసినంతమాత్రాన ఐటీ చట్టం 67 కింద అశ్లీలం అవదు. ఒక వెబ్ సిరీస్ కేసులో 2024 మార్చిలో సుప్రీంకోర్టు ఈ సంగతే తేల్చింది. ఆన్‌లైన్‌లో అభ్యంతరకరమైన మెసేజ్‌లకు శిక్ష వేసే, అదే చట్టంలోని 66ఏను 2015లోనే కొట్టేసింది. అయితే ఆడమనిషి గౌరవాన్ని కించపరిచే మాటలకు భారతీయ న్యాయ సంహిత 79 కింద మూడేళ్ళ దాకా శిక్ష ఉంది. కులం పేరుతో దళితులనో గిరిజనులనో జనం చూసేచోట తిడితే అట్రాసిటీ చట్టం 3వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ళు, ముందస్తు బెయిలుకు 18వ సెక్షన్ అడ్డు. ఇంటర్నెట్‌లో పెట్టిన వీడియో కేసులో కేరళ హైకోర్టు 2022లో ఇంటర్నెట్‌ను కూడా జనం చూసేచోటుగానే లెక్కగట్టింది. సభ్యుడు పెట్టిన మెసేజ్‌కు అడ్మిన్ అయినంతమాత్రాన బాధ్యుడు కాడని బాంబే హైకోర్టు నాగ్‌పూర్ బెంచి 2021లో, కేరళ హైకోర్టు 2022లో చెప్పాయి. అలాగని కులం తిట్టును కంగారుగా తీసేయకండి. ముందు పంపినవాడి ఖాతా, తేదీ, సమయం కనబడేలా నకలు తీసి, తిట్లు తిన్న మనిషికి ఇవ్వండి, తర్వాత తీసేయండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆ మనిషి ఇష్టం. తీసేసిన మెసేజ్‌లు టెలిగ్రామ్ ఇటీవలి చర్యల పట్టికలో 48 గంటలే ఉంటాయి, ఆ తర్వాత మీకూ దొరకవు.

నియమం పనిచేస్తోందో లేదో ఫిర్యాదుల లెక్కతో తెలియదు. మన బూతుల్లో ఎక్కువభాగం ఎదుటివాడి తల్లి, చెల్లి, భార్య మీదే. అవి చదివిన ఆడవాళ్ళు ఫిర్యాదు చేయరు, రాయడం మానేస్తారు. నెలకోసారి, కిందటి నెల రాసి ఈ నెల రాయనివాళ్ళు ఎవరో చూడండి. అందులో ఒకే తరహా మనుషులుంటే విడిగా అడగండి.

పిన్ చేయడానికి ఇంతే రాయండి: "ఏ మాటైనా వాడండి, మనిషి మీద వాడకండి. ఇంటివాళ్ళ జోలికి పోతే మెసేజ్ పోతుంది. కులం, మతం, ఆడవాళ్ళ నడవడి, వైకల్యం, హిజ్రాల మీద పోతే మీరే పోతారు. అభ్యంతరం ఉంటే అడ్మిన్‌కు విడిగా రాయండి." ఇంకా పొడుగు రాస్తే ఎవరూ చదవరు, చదివినవాడు సందులు వెతుకుతాడు. అడ్మిన్ తిడితే మిగతా అడ్మిన్లలో ఒకరు అతని హక్కులు వారం తీసేసి, ఆ సంగతి మాత్రం గ్రూపులో అందరికీ చెప్పండి.