'ఆగస్ట్‌టౌన్' నవల: జుట్టు కత్తిరిస్తే అంత గొడవెందుకు?

జమైకా రచయిత కెయి మిల్లర్ నవలలో టీచర్ కైయా అనే పిల్లాడి జుట్టు కత్తిరిస్తే అంత గొడవేంటి, మధ్యలో ఎగిరే బోధకుడెందుకు అని అడిగారు కదండీ. కైయావి రాస్తఫారీ జడలు, అంటే జమైకాలో పుట్టిన రాస్తఫారీ మతంవాళ్ళు కత్తిరించకుండా పెంచుకునే జడలు. తలకి కత్తి తగలకూడదన్న నియమం బైబిల్లో సంఖ్యాకాండం 6వ అధ్యాయంలోదే. జుట్టు కత్తిరించగానే బలం పోగొట్టుకున్న బైబిల్ వీరుడు సమ్సోను గుర్తున్నాడుగా!

బోధకుడు కల్పన కాదు. జమైకాలో అలెగ్జాండర్ బెడ్‌వర్డ్ 1920 డిసెంబర్ 31న పరలోకానికి ఎగిరిపోతానన్నాడు, జనం పోగయ్యారు. ఎగరలేదంటుంది చరిత్ర. 1921లో పట్టుకెళ్ళి పిచ్చాసుపత్రిలో పెట్టారు. నవలలో ముసలావిడ మా టాఫీ మాత్రం గాల్లోకి లేచాడనే చెబుతుంది. బైబిల్ ప్రవక్త ఏలీయా బతికుండగానే పరలోకానికి ఆరోహణం కావడం ఒకటీ, ఉప్పు తినని బానిసలు ఆఫ్రికాకి ఎగిరిపోయారన్న కరీబియన్ జానపద కథ ఒకటీ మనసులో పెట్టుకుని ఆ భాగం మళ్ళీ చదవండి. నాకైతే నవల బలమంతా అక్కడే. స్కూలు గొడవ ఆ తర్వాత చదివితే సులువుగా అర్థమవుతుంది.