రెండు బస్తాల ఉప్పు పోసినా కరగని ఐస్

సంక్రాంతికి హైదరాబాద్ వచ్చి కూకట్‌పల్లిలో అక్క వాళ్ళింట్లో ఉన్నాను. పొద్దున్న ఏడింటికి బాల్కనీలో కాఫీ తాగుతుంటే, కింద వాచ్‌మన్ మంకీ క్యాప్ పెట్టుకుని చలిమంట ముందు కూర్చున్నాడు. అక్క శాలువా కప్పుకుని "ఈ ఏడు చలి చంపేస్తోందిరా" అంటోంది. సరిగ్గా అప్పుడే అమెరికాలో డెట్రాయిట్ దగ్గరుండే మేనల్లుడు వీడియో కాల్ చేశాడు. అక్కడ ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. వాడి గోలంతా డ్రైవ్‌వే గురించి, అంటే రోడ్డు నుంచి గరాజ్ దాకా కారు వెళ్ళే దారి.

"మామయ్యా, డ్రైవ్‌వే అంతా అద్దంలా అయిపోయింది. రెండు బస్తాల ఉప్పు పోశాను, కరగట్లేదు. ఉప్పు కల్తీదంటావా?"

"టెంపరేచర్ ఎంతుందిరా?"

"మైనస్ ఐదు."

"సెల్సియస్సా, ఫారెన్‌హీటా?"

కాసేపు చప్పుడు లేదు. తర్వాత నెమ్మదిగా "ఫారెన్‌హీట్" అన్నాడు. అంటే మన లెక్కలో మైనస్ ఇరవై పైమాటే. ఆ చలిలో రెండు బస్తాలు కాదు, లారీ ఉప్పు పోసినా అది ఐస్ మీద గులకరాళ్ళలా పడి ఉంటుంది తప్ప ఏమీ చెయ్యదు. ఉప్పులో కల్తీ ఏమీ లేదు.

నేనూ అమెరికాలోనే, మినియాపొలిస్ పక్కన 2002 నుంచి ఉంటున్నాను. కొత్తగా ఇల్లు కొన్న మనవాళ్ళు ప్రతి డిసెంబర్‌లో నన్ను అడిగేది ఇదే. అపార్ట్‌మెంట్‌లో ఉన్నన్నాళ్ళూ ఎవరో వచ్చి తీసేస్తారు, మనకి పట్టదు. ఇల్లు కొన్న రోజు నుంచి ఆ ఇంటికి వాచ్‌మన్ కూడా మనమే. అందుకని ఆ పూట వాడికి చెప్పినదంతా ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఉప్పు సంగతి. చిన్నప్పుడు మట్కా కుల్ఫీ బండి దగ్గర నిలబడి చూసే ఉంటారు. కుండలో ఐసు ముక్కలు వేసి, వాటిమీద గుప్పెళ్ళతో రాళ్ళుప్పు చల్లి, మధ్యలో కుల్ఫీ డబ్బాలు గుచ్చుతాడు. ఉప్పు పడ్డ ఐసు కరుగుతుంది, కరిగేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది, ఆ ఉప్పునీరు సున్నా కంటే చాలా కిందికి పోయినా గడ్డకట్టదు. అందుకే పాలు కుల్ఫీ అవుతాయి. డ్రైవ్‌వే మీద జరిగేదీ అదే. కాకపోతే మనకి కావలసింది కుల్ఫీ కాదు, ఆ కరిగిన ఉప్పునీరు. దానికీ ఒక హద్దుంది. ఎంత ఉప్పు కలిపినా మైనస్ 21 సెల్సియస్ దగ్గర ఉప్పునీరు కూడా గడ్డకడుతుంది. ఆ హద్దుకి చాలా ముందే దాని జోరు తగ్గిపోతుంది. 30 ఫారెన్‌హీట్ దగ్గర ఒక పౌను ఉప్పు 46 పౌన్ల ఐస్‌ని కరిగిస్తే, 20 దగ్గర తొమ్మిది పౌన్లు కూడా కరిగించలేదు. 15 కిందకి దిగితే మామూలు ఉప్పు పోయడం డబ్బు దండగ. సెల్సియస్‌లో అది దాదాపు మైనస్ తొమ్మిది. అమెరికాలో ఉన్నన్నాళ్ళూ ఫారెన్‌హీట్‌లో 32, 15 అనే రెండు అంకెలు గుర్తుపెట్టుకుంటే చాలు. 32 దగ్గర నీళ్ళు గడ్డకడతాయి, 15 దగ్గర ఉప్పు చేతులెత్తేస్తుంది.

అంతకంటే చలి ఉంటే కాల్షియం క్లోరైడ్ కొనాలి. బస్తా మీద మైనస్ 25 ఫారెన్‌హీట్ దాకా పనిచేస్తుందని రాసి ఉంటుంది. నీళ్ళలో కలిసేటప్పుడు అది వేడి పుట్టిస్తుంది, అదే దాని బలం. ధర ఎక్కువ. చేతులకి గ్లవ్స్ లేకుండా ముట్టుకోకండి. బస్తా మూతి బిగించి పెట్టకపోతే వానాకాలంలో మన వంటింట్లో ఉప్పు డబ్బా అయినట్టు గాల్లో తేమని పీల్చి నీరు కారిపోతుంది. బస్తా ముందువైపు పెద్ద అక్షరాల్లో 'ఐస్ మెల్ట్' అని మాత్రమే ఉంటుంది. అందులో ఏముందో వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉంటుంది, చదవండి. చవకగా దొరికే చాలా వాటిలో ఎక్కువ భాగం మామూలు ఉప్పే.

మేనల్లుడి విషయంలో ఇంకో చిక్కు ఉంది. వాడి ఇల్లు కొత్తది. బిల్డర్ అక్టోబర్‌లో తాళాలిచ్చాడు. డ్రైవ్‌వే కాంక్రీటు పోసి ఆర్నెల్లు కూడా కాలేదు. కొత్త కాంక్రీటు మీద మొదటి చలికాలం ఏ ఉప్పూ వేయకూడదు. కరిగిన నీరు కాంక్రీటు రంధ్రాల్లోకి దిగుతుంది, రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. నీళ్ళు గడ్డకడితే తొమ్మిది శాతం దాకా ఉబ్బుతాయి. ఉప్పు వేస్తే ఈ కరగడం, గడ్డకట్టడం ఇంకా ఎక్కువసార్లు జరుగుతుంది. వసంతం వచ్చేసరికి పైపొర పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది. బిల్డర్‌ని అడిగితే "ఉప్పు వేశారా?" అన్నదే అతని మొదటి ప్రశ్న. మా వీధిలో ఒకాయనకి సరిగ్గా ఇలాగే అయింది, వారంటీ చెల్లదన్నారు.

మరి ఏం చెయ్యాలి? ఇసుక. ఇసుక దేన్నీ కరిగించదు, కాలికి పట్టు ఇస్తుంది. హోమ్ డిపో షాపులో 'ప్లే సాండ్' అని బస్తాల్లో దొరుకుతుంది. వాడికి ముందు ఇదే చెప్పాను: "పోసిన ఉప్పు చీపురుతో ఊడ్చి బకెట్లో ఎత్తిపెట్టు, ఇసుక చల్లు, ఎండ కోసం చూడు." నల్ల తారు డ్రైవ్‌వే అయితే ఎండకి తొందరగా వేడెక్కుతుంది. పైన తెల్లటి పొర గీకేసి నలుపు కాస్త బయటపడేలా చేస్తే మిగతా పని సూర్యుడు చేసిపెడతాడు, బయట ఇంకా సున్నా కిందే ఉన్నా సరే. కాంక్రీటుకి అంత వేగం ఉండదు. ఉత్తరం వాకిలి అయితే మాత్రం మీ ఖర్మ. ఇల్లు కొనేటప్పుడు వాస్తు కోసం ఉత్తర ముఖం, తూర్పు ముఖం అని పట్టుబట్టే మనవాళ్ళకి నేను చెప్పే మాట ఒకటే. ఆ ఉత్తరం వాకిలి ముందు చలికాలమంతా మీ ఇంటి నీడే పడుతుంది, పక్కింటివాళ్ళ డ్రైవ్‌వే ఆరిపోయాక కూడా మీది ఐస్‌గానే ఉంటుంది. వాస్తు నమ్మొద్దని అనడం లేదు, పార పట్టుకునేది మీరే అని అంటున్నాను.

అసలు తిరకాసు మన భాషలోనే ఉందనిపిస్తుంది నాకు. పొగమంచుకీ, ఆకుల మీద పడే మంచుకీ, స్నోకీ, ఐస్‌కీ మనకి మంచు అనే ఒకే మాట. అక్కడ మాత్రం స్నో, ఐస్ రెండూ వేరు వేరు శత్రువులు. స్నో దూదిలాంటిది, పారతో తోసేస్తే పోతుంది. దాన్ని అలాగే వదిలేసి దానిమీంచి కారు పోనిచ్చారనుకోండి, టైర్ల కింద నలిగి, రాత్రికి రాయి అవుతుంది. మీ డ్రైవ్‌వే మీద ఉండే రెండు పొడుగు ఐస్ చారలు ఆకాశంలోంచి పడ్డవి కావు, మీ కారు చేసినవి. ఆఫీసుకి ఆలస్యమవుతోందని గరాజ్ లోంచి కారు సర్రున బయటకి తీసేస్తాం, సాయంత్రం వచ్చి తీద్దాంలే అనుకుంటాం. సాయంత్రానికి అది పారకి లొంగదు. మేనల్లుడిని అడిగితే వాడూ అదే చేశానని ఒప్పుకున్నాడు. పొద్దున ఇరవై నిమిషాల పని వాడికి వారం రోజుల పని అయి కూర్చుంది. ఎనిమిది అంగుళాలు పడుతుందని చెప్తే, అంతా పడ్డాక తీద్దామని ఆగకండి. మూడు నాలుగు అంగుళాలు పడగానే ఒకసారి, ఆగాక ఒకసారి తీయండి.

ఐస్ రావడానికి రెండో కారణం పైకప్పు నీళ్ళ గొట్టం. పగలు కప్పు మీద స్నో కరిగి, గొట్టం లోంచి వచ్చి డ్రైవ్‌వే మీదుగా పారి, రాత్రి గడ్డకడుతుంది. ప్రతి రోజూ ఒకే చోట ఐస్ వస్తోందంటే ఆ గొట్టం ఎటు వదులుతోందో చూడండి. దాని మూతికి ఇంకో ముక్క తగిలించి గడ్డి వైపు తిప్పితే సగం బాధ వదులుతుంది.

ఇప్పటికే రాయి అయిపోయిన దాన్ని తీయడం ఎలా? మనవాళ్ళం కనక మొదట గడ్డపార గుర్తొస్తుంది. వద్దు, కింద కాంక్రీటు పగులుతుంది. ఐస్ చాపర్ అని పొడుగు కర్రకి వెడల్పు ఇనప బిళ్ళ ఉన్నది దొరుకుతుంది. ఉప్పు పనిచేసే చలి అయితే పలచగా చల్లి పావుగంట, అరగంట ఆగండి. ఉప్పు పని మొత్తం ఐస్‌ని నీళ్ళు చేయడం కాదు. చిన్న చిన్న రంధ్రాలు చేసుకుంటూ కిందికి దిగి, ఐస్‌కీ నేలకీ ఉన్న పట్టు వదిలిస్తుంది. అప్పుడు అంచున చాపర్ ఏటవాలుగా పెట్టి తోస్తే పలకలు పలకలుగా లేస్తుంది, దోసె పెనం మీంచి లేచినట్టు. లేవకపోతే ఇంకా కాలలేదన్నమాట, ఇంకో పావుగంట ఆగండి.

ఎంత చల్లాలి? మినెసోటా కాలుష్య నియంత్రణ సంస్థ చెప్పే లెక్క సులువుగా ఉంటుంది: 20 అడుగుల డ్రైవ్‌వేకి 12 ఔన్సుల కాఫీ మగ్గు నిండా ఉప్పు చాలు. గింజకీ గింజకీ మధ్య మూడు అంగుళాలు ఖాళీ కనిపించాలి. మనం ఆవకాయకి పోసినట్టు పోస్తాం. మిగిలిన ఉప్పంతా కరిగి చెరువుల్లోకి పోతుంది. ఒక టీస్పూను ఉప్పు ఐదు గాలన్ల నీటిని పాడు చేస్తుంది, ఆ నీటిలోంచి దాన్ని తీయడం కుదరదు.

వేడినీళ్ళు పోద్దామా అని అడుగుతారు. 2011లో అమ్మ మా ఇంటికి వచ్చింది. ధనుర్మాసం. వాకిట్లో ముగ్గు లేకపోతే ఎలా అని, మేం నిద్ర లేవకముందే బకెట్ వేడినీళ్ళతో కల్లాపి చల్లింది. ముగ్గుపిండి డబ్బా కోసం లోపలికి వెళ్ళొచ్చేసరికి వాకిలి స్కేటింగ్ రింక్ అయింది. అదృష్టం బాగుండి గుమ్మం దాటకుండానే చూసింది. నేను ఉప్పు బస్తా తెచ్చి చల్లుతుంటే, "అదేదో నాకియ్యి, దాంతోనే చుక్కలు పెడతా" అంది. నిజంగానే పెట్టింది. ఆ రోజు మా వాకిట్లో ఉప్పు ముగ్గు, చుక్క ఉన్నచోటల్లా కరిగి కన్నం పడింది.

అమ్మ పడలేదు, నేను పడ్డాను. 2004లో, చెత్త బండి వచ్చే రోజున, రెండే అడుగులు కదా అని హవాయి చెప్పులతో డబ్బా తోసుకుంటూ వెళ్ళాను. నేల తడిగా ఉన్నట్టు కనిపించింది, అంతే. అదే బ్లాక్ ఐస్, కంటికి ఆనని పలచటి ఐస్ పొర. మణికట్టు విరిగి ఆరు వారాలు కట్టు. గుమ్మం దగ్గర చెప్పులు పక్కకి పెట్టి, బూట్లు, వాటికి తొడిగే ముళ్ళ రబ్బరు పట్టీలు పెట్టుకోండి. అడుగు చిన్నదిగా వేయండి, చేతులు జేబుల్లో పెట్టుకోకండి.

స్నో తీసేటప్పుడు ఎత్తి విసరడం కంటే తోయడం మేలు. నలభై దాటినవాళ్ళు, బీపీ, షుగర్ ఉన్నవాళ్ళు, ఇంట్లో గుండెజబ్బు చరిత్ర ఉన్నవాళ్ళు దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. చలికి రక్తనాళాలు ముడుచుకుంటాయి, అదే సమయంలో బరువు ఎత్తితే బీపీ ఎగబాకుతుంది. ఏటా ఇలా పార చేతిలో ఉండగానే గుండెపోటు వచ్చేవాళ్ళు ఉంటారు. ఛాతీలో బిగుతుగా ఉంటే పార అక్కడే పడేసి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేయండి. డబ్బులిచ్చి తీయించుకోవడం నామోషీ కాదు. స్నోని ఎగజిమ్మే మెషిన్, అదే స్నోబ్లోయర్, కొన్నవాళ్ళు దాని నోట్లో ఇరుక్కున్న గడ్డని చేత్తో తీయకండి, మెషిన్ ఆపాక కూడా బ్లేడు ఒక్కసారి తిరగగలదు. గరాజ్ లోపల స్టార్ట్ చేయకండి.

తీసిన స్నో ఎటు వేస్తున్నారో కూడా చూసుకోవాలి. ఇంటి పక్క గోడలోంచి బయటకి వచ్చే తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేస్‌వి. వాటిమీద గుట్ట వేస్తే గాలి మూసుకుపోయి కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి తన్నే ప్రమాదం ఉంది. రోడ్డు మీదకి తోయడం చాలా ఊళ్ళలో నేరం. ఇంటి ముందు సైడ్‌వాక్ (కాలిబాట) మీ సొంతం కాకపోయినా శుభ్రం చేయాల్సింది మీరే. మినియాపొలిస్‌లో విడి ఇళ్ళకి స్నో ఆగాక 24 గంటలు, బోస్టన్‌లో మూడు గంటలే గడువు. మీ ఊరి రూలు సిటీ వెబ్‌సైట్‌లో ఉంటుంది.

ఇంత చేసి లోపలికి వచ్చి కాఫీ పెట్టుకునేలోపు రోడ్డు మీద స్నో తోసే సిటీ బండి, అదే ప్లో, వచ్చి డ్రైవ్‌వే మూతి దగ్గర గట్టు పోసి పోతుంది. అందరికీ ఒళ్ళు మండేది అప్పుడే. దానికో కిటుకు ఉంది. వీధి వైపు తిరిగి నిలబడితే, మీ వైపు లైన్‌లో ప్లో ఎడమ నుంచి కుడికి వెళ్తుంది. మీ స్నో కుడి పక్కన వేయండి. ఎడమ పక్కన, డ్రైవ్‌వేకి ముందే, రోడ్డు అంచున పది అడుగుల మేర ఖాళీ చేసి ఉంచండి. ప్లో మోసుకొచ్చిన స్నోలో చాలాభాగం ఆ ఖాళీలో పడిపోయి మీ వాకిలి దగ్గరికి వచ్చేసరికి తేలికవుతుంది. ఎంత చేసినా కొంత గట్టు పడుతుంది. అది తడి ఉప్పు స్నో, రాత్రి దాటితే ఇటుక అవుతుంది. పడిన గంటలోపే తీసేయండి.

అక్క ఇదంతా వింటూ ఫోన్ లాక్కుంది. "నాన్నా, ఫిబ్రవరిలో మేం వస్తాం కదా, నేను చూసుకుంటాలే" అంది. వాడు నా వైపు చూశాడు. "అక్కా, టికెట్లు మే నెలకి మార్చు" అన్నాను.