గిన్నెల దగ్గర కూడా ప్రార్థన ఉంటుంది సిస్టర్

వందనాలు సిస్టర్. పొద్దున ఐదింటి నుంచి వంట, గిన్నెలు, పిల్లల బాక్సులతోనే రోజు అయిపోతోందని, ప్రార్థనకు టైమ్ లేక దేవునికి దూరమైపోతున్నానని రాశారు. రెండేళ్లు నేనూ అలాగే నలిగిపోయాను.

యోహాను సువార్త 21వ అధ్యాయం ఒకసారి చదవండి. తిరిగి లేచిన ప్రభువు ఒడ్డున నిప్పుల మీద చేపలు, పక్కన రొట్టె సిద్ధంగా ఉంచి, రాత్రంతా వల వేసి అలసిన శిష్యులను తినడానికి రమ్మని పిలిచాడు. మరణాన్ని గెలిచినవాడు వంట చేశాడు! అది చదివాక నా పొయ్యి నాకు వేరేలా కనిపించింది.

17వ శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ అనే కాథలిక్ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ ఏళ్ల తరబడి వంటింట్లో పనిచేశారు. మొదట్లో ఆ పనంటే ఆయనకు అస్సలు ఇష్టం లేదు. తర్వాత పెనం మీద అట్టు తిప్పడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేసేవారు.

రేపు బియ్యం కడిగేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ఆ గింజల తెలుపు చూసి "ప్రభువా, స్తోత్రం" అనండి. బాక్సు మూత పెట్టేటప్పుడు ఆ బిడ్డ పేరు చెప్పి ప్రార్థించండి. టైమ్ దొరికిన రోజు మోకరించండి, దొరకని రోజు కుమిలిపోకండి. వారం తర్వాత ఎలా ఉందో రాయండి, మీ కోసం ప్రార్థిస్తుంటాను.