హెలిసిటీ, కైరాలిటీ ఒకటేనా? నాకు తేడా తెలిసింది పయాన్ క్షయం దగ్గర

ద్రవ్యరాశి లేని కణాలకు రెండూ ఒకటే అంటారు కదా, మరి రెండు పేర్లు ఎందుకని అడిగారు. ఎమ్మెస్సీలో నేనూ 'దాదాపు ఒకటే' అనుకుని ముందుకు వెళ్ళిపోయాను. వైవాలో పయాన్ (కొద్దిసేపే బతికే ఒక సూక్ష్మకణం) క్షయం గురించి అడిగినప్పుడు నోట మాట రాలేదు. ఆ రాత్రి కూర్చుని లెక్క చేశాకే విషయం అర్థమైంది.

హెలిసిటీని ఊహించుకోవడం తేలిక. కణం వెళ్ళే దిశలోనే స్పిన్ (కణానికి సహజంగా ఉండే, తనచుట్టూ తాను తిరగడం లాంటి గుణం) ఉంటే కుడి, ఎదురుగా ఉంటే ఎడమ. ద్రవ్యరాశి ఉన్న కణాన్ని మనం దాటిపోయేంత వేగంగా వెళ్తూ చూస్తే, అది వెనక్కి పోతున్నట్టు కనిపిస్తుంది. స్పిన్ దిశ అదే, హెలిసిటీ మాత్రం తిరగబడుతుంది. కైరాలిటీకి ఇలాంటి బొమ్మ లేదు. ఎలక్ట్రాన్ లాంటి కణాలను వర్ణించే డిరాక్ సమీకరణంలో గామా 5 అనే మాత్రిక విడదీసే ఎడమ, కుడి భాగాలు అవి. ఎవరు చూసినా మారవు. కానీ ద్రవ్యరాశి ఆ రెంటినీ కలిపేస్తుంది కాబట్టి, కదిలే కణంలో కైరాలిటీ నిలవదు, హెలిసిటీ నిలుస్తుంది.

ఇప్పుడు పయాన్. రుణావేశ పయాన్ స్పిన్ సున్నా. అది ఎలక్ట్రాన్‌గానో మ్యూయాన్‌గానో (ఎలక్ట్రాన్ లాంటిదే, బరువెక్కువ), దానితోపాటు ఒక ప్రతిన్యూట్రినోగా (ద్రవ్యరాశి దాదాపు లేని న్యూట్రినోకు ప్రతికణం) విడిపోతుంది. ప్రతిన్యూట్రినో హెలిసిటీ కుడి. రెండూ ఎదురెదురు దిశల్లో పోతాయి కనుక, మొత్తం స్పిన్ సున్నా కావాలంటే ఆ ఎలక్ట్రాన్ లేదా మ్యూయాన్ హెలిసిటీ కూడా కుడే కావాలి. ఈ క్షయాన్ని నడిపే బలహీన బలమేమో కణాల్లో ఎడమ కైరాలిటీనే పట్టుకుంటుంది! హెలిసిటీ, కైరాలిటీ నిజంగా ఒకటే అయితే ఈ క్షయం జరగనే జరగదు.

జరుగుతోందంటే, ఎడమ కైరాలిటీలో కుడి హెలిసిటీ కొంత కలిసి ఉండబట్టే. ఎంత అన్నది వేగం చెబుతుంది: కాంతివేగంతో పోల్చిన వేగాన్ని 1 నుంచి తీసేసి సగం చేస్తే ఆ సంభావ్యత. ఇక్కడ మ్యూయాన్ వేగం కాంతివేగంలో సుమారు 27 శాతమే, కాబట్టి ఆ వాటా 36 శాతం దాకా ఉంటుంది. ఎలక్ట్రాన్ దాదాపు కాంతివేగంతో పోతుంది, దాని వాటా లక్షకు ఒకటి పైచిలుకు. శక్తిపరంగా చూస్తే ఎలక్ట్రానే ఎక్కువ రావాలి, అయినా పదివేల మ్యూయాన్లకు ఒక్క ఎలక్ట్రాన్ వస్తుంది. ప్రయోగాల్లో కొలిచిన నిష్పత్తి దాదాపు 1.23/10,000. దీనికి దగ్గరి సంఖ్య నా లెక్కలో వచ్చినప్పటి సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

ఇంకొక జాగ్రత్త: 'రెండూ ఒకటే' అన్నమాట ద్రవ్యరాశి లేని కణాలకే. ప్రతికణాలకు గుర్తు తిరగబడుతుంది, అంటే ఎడమ కైరాలిటీకి కుడి హెలిసిటీ. నేను మొదటిసారి లెక్క తప్పింది అక్కడే.